భూమి నీడ

బడి డాబా మీద పరిచిన చాపలు ఖాళీగానే ఉన్నాయి.

హెప్సిబా టీచర్ పిట్టగోడ దాకా పోయి వీధిలోకి తొంగి చూసింది. వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది.

ఈ పున్నమికి చంద్రుడు గ్రహణంతోనే పొడుస్తాడు. అది కాసేపే కనబడుతుంది, ఆ తర్వాత విడిచిపోతుంది.

నిన్న తరగతిలో బల్బు వెలిగించి, బంతి అడ్డం పెట్టి, గోడ మీద గుండ్రటి నీడను చూపించింది. చంద్రుణ్ని మింగేది పాము కాదని, మనం నిలబడ్డ ఈ భూమి నీడేనని చెప్పింది. రేపు మీ కళ్లతోనే చూద్దురు, రమ్మంది. పిల్లలంతా సరేనన్నారు.

తీరా ఈ రోజు ఒక్కరూ రాలేదు. గ్రహణం మంచిది కాదని ఇళ్లలో తలుపులు వేసుకున్నారు.

శ్రవణ్ నాయనమ్మ జములమ్మ అయితే మొహం మీదే చెప్పింది.

"మీకు పట్టింపు లేకపోవచ్చు టీచరమ్మా. మా ఇంట్ల కడుపుతోని ఉన్న కోడలున్నది. పిలగాణ్ని పంపను."

ఇంతలో అటెండర్ మాసయ్య పైకి వచ్చాడు. ఎవరో తెలియనామె చిన్నపిల్లతో బస్సు దిగిందని, ఇంటింటికీ తిరిగి గ్రహణం గురించి ఏదో చెబుతోందని అన్నాడు.

హెప్సిబా మళ్లీ పిట్టగోడ దగ్గరికి పోయింది.

ఆ మనిషి జములమ్మ గడప ముందే ఉంది. ఆమె కొంగులో పిల్ల మొహం దాచుకుంది. జములమ్మ చెంపకు చెయ్యి ఆనించి వింటోంది, ఉండుండి కళ్లు తుడుచుకుంటోంది.

అసలే భయపడుతున్న ఊరు. పైగా ఈమె ఒకతి. హెప్సిబాకు కోపం ఆగలేదు. గబగబా మెట్లు దిగింది.

ఆమే ఎదురొచ్చింది, బడి గేటు దగ్గరికి.

"మేడమ్, మా బిడ్డ..."

"ఇంటింటికి తిరిగి భయపెట్టింది సాలు. ఇగ మీ ఊరికి పో," అంది హెప్సిబా.

ఆమె డాబా వైపు ఒకసారి చూసింది. పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. అమరచింత బస్సు వస్తే ఎక్కిపోయింది.

హెప్సిబా పైకొచ్చి ఖాళీ చాప మీద కూలబడింది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. శ్రవణ్ వచ్చాడు. వాడి వెనక ఇద్దరు ఆడపిల్లలు. తర్వాత తరగతంతా తోసుకుంటూ వచ్చింది, ఆ వెనక తల్లులు. చివరికి కోడలి చెయ్యి పట్టుకుని ఆయాసపడుతూ జములమ్మ.

వేరుశనగ చేల అవతల చంద్రుడు పొడిచాడు. ఒక పక్కంతా చెరిగిపోయి ఉన్నాడు.

నీడ అంచు గుండ్రంగానే ఉందని శ్రవణ్ చేత్తో గీసి చూపించాడు.

హెప్సిబా ఉండబట్టలేక జములమ్మను అడిగింది. ఆ బస్సు దిగినామె అంత భయపెట్టాక కూడా వీళ్లను ఎట్లా తీసుకొచ్చావని.

జములమ్మ వింతగా చూసింది.

"భయపెట్టుడు ఎక్కడిది? కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణం విడిచేదాంక ఆమె గడప దాటలేదంట, కత్తి ముట్టలేదంట. ఐనా బిడ్డ మొర్రితోనే పుట్టింది. పిల్ల పెదవి మీద కుట్లు చూపెట్టి, చంద్రునికి దీనికి సంబంధం లేదు, మీ పిల్లల్ని పంపున్రని బతిమాలింది."

జములమ్మ కళ్లతో డాబా అంతా వెతికింది.

"మీరు పిల్లలకు గ్రహణం చూపెడ్తరని విని, బిడ్డకు గూడ చూపెట్టాలని మీ దగ్గరికే వచ్చింది గద టీచరమ్మా, ఏరి వాళ్లు?"