ఎముకలో తెల్లమచ్చ

“నా దిండు నీ మోకాలి కిందికి ఎలా వచ్చింది?” అన్నాడు భర్త.

“నడిచి రాలేదు లెండి. నేనే తీసుకున్నాను.”

“ఇంట్లో ఇన్ని దిండ్లుండగా నాదే కావాలా?”

“మీదే మెత్తగా ఉంది. మీ నోటికి లేని గుణం దానికుంది.”

వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. “దిండు కోసం కొట్టుకుంటారేంట్రా! ముందా స్కాన్ తీయించండి. వాడి పని పట్టాలి.”

వాడంటే గోదాములో మూటలు మోసే ముసలాయన. అందరూ గొణుగుడాయన అంటారు. ఎవరితోనూ కలవడు.

కోడలు అక్కడే ప్యాకింగ్ పని చేస్తుంది. పోయిన వారం ఒక రోజు పొద్దున ఆయన “దారిలో నిలబడకమ్మా” అన్నందుకు నానా మాటలూ అని దులిపేసింది. ఆ మధ్యాహ్నమే పెట్టె మీద చీటీ అంటిస్తుంటే వెనకనుంచి రెండు చేతులు ఆమెను ఒక్క తోపు తోశాయి. బోర్లా పడింది.

తిరిగి చూస్తే ఆయన.

“బండి వెనక్కొస్తోందమ్మా” అన్నాడు.

వ్యాను నడిపేది యజమాని బావమరిది. “గజం దూరంలోనే ఆపాను” అన్నాడతను. అందరూ అవునన్నారు.

కక్ష పెట్టుకుని తోశాడని కోడలు ఫిర్యాదు రాసింది. విచారణ అయ్యేదాకా ఆయన్ని పనిలోకి రావద్దన్నారు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. రేపటి విచారణకు స్కాన్ రిపోర్టు పట్టుకెళ్తే ఆయన ఉద్యోగం ఊడినట్టే.

స్కాన్ అయ్యాక డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. నల్లటి ఎముకలో, మోకాలి బయటివైపు, పాలు ఒలికినట్టు పెద్ద తెల్లమచ్చ.

“ఎముక లోపల కమిలింది. ఎలా తగిలింది?”

“వెనకనుంచి తోశాడండీ. బోర్లా పడ్డాను.”

“బోర్లా పడితే మోకాలి చిప్ప కమలాలి. నీ చిప్ప శుభ్రంగా ఉంది.”

“మరి?”

“కాలు నేల మీద ఆని ఉండగా, పక్కనుంచి, మోకాలి ఎత్తులో గట్టిదేదో కొట్టింది. కమిలిన చోటును బట్టి దెబ్బ ఎటునుంచి వచ్చిందో తెలిసిపోతుందమ్మా. బండి బంపరు తగిలినవాళ్లకి ఇలాగే ఉంటుంది.”

కోడలు రిపోర్టు పట్టుకుని, ఇంటికి కాకుండా ముసలాయన దగ్గరికి బయల్దేరింది.

గోదాము వెనక వీధిలోనే ఆయన అద్దెగది. చేతికర్ర పట్టుకుని ఎలాగో వెళ్లింది. తలుపుకు తాళం. పక్కగది ఆవిడ బయటికొచ్చింది.

“ఆయన మొన్న చనిపోయాడమ్మా.”

“ఏమైంది?”

“డొక్కలో నొప్పి అనేవాడు. చొక్కా ఎత్తి చూస్తే ఇంతమేర నల్లగా కమిలి ఉంది. ఆస్పత్రికి పద బాబాయ్ అంటే, విచారణలో నా మాట చెప్పుకున్నాక పోతాలే అన్నాడు. లోపల్లోపలే రక్తం కారిందట.”

“ఎవరికీ చెప్పలేదా?”

“గోదాములో చెప్పాడట. నాటకాలు ఆపమన్నారట.” ఆవిడ ఆమె మోకాలి కట్టుకేసి చూసింది. “నువ్వేమవుతావమ్మా ఆయనకి?”

కోడలు చేతికర్ర ఊనుకుంటూ వెనక్కి తిరిగింది.

రాత్రి భోజనాల దగ్గర డాక్టరమ్మ మాటలూ పక్కగది ఆవిడ మాటలూ ఒక్క గుక్కలో చెప్పేసింది.

భర్త చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

“మనిషే లేకపోయాక ఇంక విచారణేముంది? ఇప్పుడు మాట మార్చి యజమాని బావమరిది మీదకి తెస్తే నీ ఉద్యోగం పోతుంది.”

“నోరు మూసుకో తల్లీ. నెల తిరిగేసరికి అందరూ మర్చిపోతారు” అంది అత్తగారు.

“నేను మర్చిపోను కదత్తయ్యా.”

అత్తగారు కూర గిన్నె ఆమె వైపు జరిపింది.

కోడలు కంచంలోంచి తల ఎత్తకుండా అంది.

“రేపు వెళ్తాను. ఆ ఫిర్యాదు చించేసి కొత్తది రాసిస్తాను. నా మోకాలికి తగిలింది బండి అంచు మాత్రమేననీ, మిగతా బండినంతా ఆయన తన ఒంటి మీదకు తీసుకున్నాడనీ.”