చెవి వంక చూసే పిన్ని

"ఇటివ్వవే ఆ ఫిలిం!"

మేడ మీద నిలబడి, గ్రహణం పట్టిన సూర్యుడికేసి ఎక్స్‌రే ఫిలిం ఎత్తబోతున్న పిల్ల చేతిలోంచి పిన్ని దాన్ని గుంజేసింది. ఆ ఊపుకి ఫిలిం పిట్టగోడకి కొట్టుకుని మధ్యలో మడత పడింది.

అదేమన్నా మామూలు ఫిలిమా? పోయిన అమ్మ ఛాతీ ఎక్స్‌రే. బట్టల అడుగున ఎవరికీ కనబడకుండా దాచుకున్నది. అమ్మ చాటునుంచి గ్రహణం చూద్దామని ఆశపడింది పిచ్చిపిల్ల.

"అది మా అమ్మది! ముట్టుకోవడానికి నువ్వెవరు?"

"ఎవరిదైతే ఏంటే, కళ్ళు పోతాయి! పైకి నల్లగా కనిపిస్తుందంతే, ఇది సూర్యుణ్ణి ఆపదు. దానికి కళ్ళజోళ్ళు వేరే ఉంటాయి. అవి లేకపోతే ఇదిగో, కిందకి చూడు."

పిన్ని వెంట తెచ్చిన వంటింటి జల్లెడ ఎండకి అడ్డం పట్టింది. గచ్చు మీద బోలెడు బుల్లి సూర్యుళ్ళు, ఓ పక్క కొరికిన బిస్కట్లలా పడ్డాయి. పిల్ల అటు చూస్తేగా!

"నా కళ్ళు పోతే నీకేంటి? ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి ఒక్కసారైనా నా మొహంలోకి చూసి మాట్లాడావా?"

అందులో అబద్ధం లేదు. పిన్ని ఎప్పుడు పలకరించినా, కోడి గింజను చూసినట్టు తల ఓ పక్కకి వాల్చి పిల్ల చెవి వంకే చూసేది. అన్నం పెట్టినా అంతే, జ్వరమొస్తే నుదురు పట్టి చూసినా అంతే. 'మా పిన్ని నా చెవితో మాట్లాడుతుంది' అని బళ్ళో అందర్నీ నవ్వించి, ఇంటికొచ్చి దిండులో మొహం దాచుకుని ఏడ్చిన రోజులున్నాయి.

"నేను అమ్మమ్మ దగ్గరికి పోతా. సాయంత్రం నాన్న రాగానే చెప్పేస్తా. నా మొహం చూడ్డమే ఇష్టం లేనిదానితో నేనుండను."

పిన్ని జల్లెడ కింద పెట్టేసింది. ఫిలిం మడతని అరచేత్తో మెల్లగా సాపు చేసి పిల్లకిచ్చింది. తల మళ్ళీ పక్కకే వాలింది.

"మళ్ళీ చెవే! ఇప్పుడన్నా సూటిగా చూడవా?"

పిన్ని తల తిప్పి సూటిగా చూసింది. చూస్తూనే, పిల్ల బుగ్గ కోసం చెయ్యి చాపి గాల్లో తడిమింది. వేళ్ళు వెళ్ళి ముక్కుకి తగిలాయి.

"నీ అంత ఉన్నప్పుడు నేనూ ఇలాంటి ఫిలిమే పెట్టుకుని గ్రహణం చూశానమ్మా. ఆ సూర్యుడు నల్లమచ్చై నా చూపు మధ్యలోనే కూర్చున్నాడు. సూటిగా చూస్తే ఆ మచ్చే తప్ప నీ మొహం ఉండదు. గుడ్డిపిన్ని అంటావేమోనని చెప్పలేదు," అంది పిన్ని, కళ్ళు తుడుచుకుని, తల మళ్ళీ పక్కకి వాలుస్తూ. "నిన్ను చూడాలనిపించినప్పుడల్లా నీ చెవి వంక చూస్తానే తల్లీ."