పాముచెవులాయన

పై అంతస్తు నుంచి మళ్లీ ఫోను.

"అమ్మాయ్, ఇందాక ఆ ముసలావిడ ‘ట్యూస్‌డే వీక్’ అంది. వాళ్ల దేశంలో దానర్థం ఈ మంగళవారం కాదమ్మా, ఆ పై మంగళవారం."

"సరేనండీ," అని కొత్తమ్మాయి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

దేశదేశాల వాళ్ల వాషింగ్ మెషీన్లు చెడిపోతే, ఫోన్లోనే అక్కడి మెకానిక్కుతో టైము కుదిర్చే ఆఫీసు అది. అందరిదీ ఇంగ్లీషే గానీ, వేళ చెప్పే దగ్గరికొచ్చేసరికి ఎవరి గోల వారిది. నిన్నటికి నిన్న ఒకాయన ‘క్వార్టర్ ఆఫ్ నైన్’ అంటే ఆమె తొమ్మిదింపావు రాసింది. కాదట, పావుతక్కువ తొమ్మిదట!

ఎవరేం మాట్లాడారో పైన కూర్చుని విని, తప్పులు రాసిపెట్టడం ఆ పెద్దాయన పని. ఆయన మొహం ఎవరూ చూసింది లేదు. అందరూ పాముచెవులాయన అనేవారు.

మూడు తప్పులు రాశాడంటే ఉద్యోగం ఊడినట్టే. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

ఆయన తప్పంటాడు గానీ, ఇన్నాళ్లలో ఒక్క కస్టమరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఇక తన ఉద్యోగం తీసేదాకా ఈయన నిద్రపోడనుకుని, వెళ్లి మేనేజరుతో చెప్పేసింది.

మేనేజరు ఆయన్ని పిలిచి, ఆ పిల్ల తప్పులేం చేసిందని అడిగాడట. ఒక్కటీ లేదన్నాడట. మరి రోజూ ఆ ఫోన్లెందుకయ్యా అంటే నోరు మెదపలేదట.

మర్నాటికల్లా ఆయన్ని తీసేశారు. పీడ విరగడైందని కొత్తమ్మాయి ఆ పూట తీరుబడిగా టీ తాగింది.

కొన్నాళ్లకు ఆ ముసలావిడే మళ్లీ ఫోన్ చేసింది. మెకానిక్కు రాలేదట. మంచాన పడ్డ భర్త పక్కబట్టలు ముందేసుకుని పొద్దున్నుంచీ ఎదురుచూస్తోందట.

ఆమధ్య ఆవిడ మళ్లీ ‘ట్యూస్‌డే వీక్’ అంటే, కొత్తమ్మాయి మళ్లీ ముందొచ్చే మంగళవారమే రాసింది; వాళ్లు ఆస్పత్రిలో ఉన్న ఆ రోజు మెకానిక్కు వచ్చి తాళం చూసి వెళ్లిపోయాడు.

"క్షమించండి. ఇదివరకెప్పుడూ ఇలా జరగలేదు," అంది కొత్తమ్మాయి.

"ఎలా జరుగుతుంది తల్లీ? నువ్వు పెట్టేయగానే ఆయన ఫోన్ చేసేవాడుగా. మా అమ్మాయి కొత్తది, వేళ తప్పు రాసుకుంది, నేను దిద్దేశాను, దాని మీద ఫిర్యాదు మాత్రం చేయకండి అని బతిమాలేవాడు."

కొత్తమ్మాయి తలెత్తి పై అంతస్తు వైపు చూసింది.

"ఈసారి చేయలేదేం?" అంది ఆవిడ. "మీ నాన్నగారు బాగానే ఉన్నారా?"