గడువుకు ముందే సెలవు

స్త్రీ తన గర్భం గురించి తానే నిర్ణయించుకోవాలన్న ధర్మానికి ఇరవై ఏళ్లు కాపుగాసిన స్వచ్ఛంద సంస్థ అధ్యక్షురాలు పదవి విడుస్తున్న దినమది. సాయం కోరివచ్చిన ప్రతి స్త్రీ ఫైలునూ అధ్యక్షురాలే చదవాలన్నది అక్కడి నియమం. ఆమె పెట్టిందే, మినహాయింపు లేనిది.

“కాలుగాలిన పిల్లిలా ఏంటక్కా ఆ తిరుగుడు? నీ పదవి నెలాఖరుదాకా ఉందిగా, అప్పటిదాకా ఆగితే కొంపలేం మునగవు,” అంది ఆ పదవి స్వీకరిస్తున్న డాక్టరు.

“ఆగేందుకు గడువు లేదే. ముందు సంతకం పెట్టు.”

సంతకం పడగానే ఆమె బీరువా తాళాలు అప్పగించి, వెనుక గుమ్మంవైపు నడిచింది.

గది అద్దాల తలుపులోంచి ముందు హాలు కనిపించింది. “నువ్వు చదివే ఫైలైతే నేను రానమ్మా” అని పోయిన వారం చెప్పిన కూతురు, ఇవాళ్టితో అధ్యక్షురాలు మారుతోందని తెలిసి, అక్కడ టోకెన్ పట్టుకొని కూర్చుంది.

తల్లి పిలవలేదు. మనసులోనే దీవించింది: “నీ మాటే చెల్లుగాక, తల్లీ, నీ తరువాత ఈ గడప తొక్కేవారందరి మాటా చెల్లుగాక.”