గుండీలు లేని శనివారం

స్నానశాలలో అడుగు పెట్టగానే కపితోన్ యెగోరిచ్‌కి కాళ్లూ చేతులూ ఆడలేదు.

లోపల నలభై మంది ఉన్నారు. ఒక్కడి ఒంటి మీదా గుండీలు లేవు.

హోదా చెప్పే యూనిఫాం గుండీలూ కాలరూ చూడకుండా ఎవరికి ఎంత వంగాలో అతడికి తెలియదు. పీటర్స్‌బర్గ్ గుమాస్తాల్లో ఎవడికి తెలుసు గనక?

సోమవారం వాళ్ల ఆఫీసులో నకళ్లు రాసే గుమాస్తా ఒకడికి ఉద్వాసన. ఆ ఒకడు కపితోనే అని అప్పుడే గుసగుసలు. కొత్త డైరెక్టరు ముఖం ఎవరూ చూడలేదు. శనివారాలు ఈ స్నానశాలకే వస్తాడని మాత్రం హెడ్ గుమాస్తా సవ్వా ఇల్యిచ్ చెప్పాడు.

ఇక చేసేది లేక కపితోన్ పొట్టలు వెతకడం మొదలుపెట్టాడు.

అన్నిట్లోకీ పెద్ద పొట్ట పై మెట్టు మీద పడుకుని గురక పెడుతోంది. ఇంత నిశ్చింత డైరెక్టరుకి కాక ఇంకెవరికి ఉంటుంది?

"మహాప్రభూ, వీపు రుద్దమంటారా?"

"రుద్దు," అంది పొట్ట.

కపితోన్ ఆవిరి స్నానంలో ఒళ్లు బాదే బిర్చి చెట్టు మండల కట్ట వేన్నీళ్లలో ముంచి, వీపు మీద బాదడం మొదలుపెట్టాడు.

"నమస్కారమండీ," అన్నాడు పక్కనుంచి ఒక బక్క ముసలాయన. "అలిసిపోయినట్టున్నారు. కాసేపు నేను బాదనా?"

"అవతలికి పో! ఈ వీపు నీ చేతికిస్తానా? చన్నీళ్లు పట్రా, పో!"

ముసలాయన బకెట్టు నింపుకొచ్చి నిలబడ్డాడు.

కపితోన్ పొట్ట చెవి దగ్గరికి వంగాడు. "ప్రభూ, నాకు ముగ్గురు ఆడపిల్లలు. పెద్దదానికి క్షయ. పరువు పోతుందని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నన్ను మాత్రం తీసెయ్యకండి. ఇంకెవర్ని తీసేసినా నాకు అభ్యంతరం లేదు."

"ముగ్గురా?" అన్నాడు ముసలాయన.

"నిన్నడిగానా? చెవులు మూసుకోలేవూ?"

"చేతుల్లో బకెట్టుందండీ."

పొట్ట ఇటు తిరిగి ఒక కన్ను తెరిచింది. "ఏ ఉద్యోగం సంగతి నాయనా నువ్వంటున్నది? నాది గడ్డి బజారులో ఉప్పుచేపల కొట్టు. రుద్దడం మాత్రం దివ్యంగా రుద్దావు. ఆ ఎడమ పక్క కూడా కానీ."

కపితోన్ మండల కట్ట విసిరికొట్టాడు. అది ముసలాయన గుండెకి తగిలింది.

"అంతా నీ వల్లే, దరిద్రుడా! మధ్యలో దూరి నా బతుకు బుగ్గి చేశావు!"

ముసలాయన దాన్ని వంగి తీసి, నీళ్లు దులిపి, మళ్లీ అతడి చేతికే ఇచ్చాడు.

ఆదివారం చర్చిలో కపితోన్ మూడు కొవ్వొత్తులు వెలిగించాడు. ఒకటి ఆరిపోయింది. ఏ కూతురిదోనని ఇంటిదాకా అదే బెంగ.

సోమవారం కలం సిరాబుడ్డిలో ముంచుతాడు, తీస్తాడు. కాగితం మీద పెట్టడు. తలుపు చప్పుడైతే లేచి నిలబడతాడు.

పదింటికి తలుపు తెరుచుకుంది.

వచ్చింది స్నానశాల ముసలాయన. ఒంటి మీద అతుకుల గొర్రెతోలు కోటు. తిన్నగా బల్లల మధ్యకొచ్చి, ఒక సొరుగు లాగి కలం చెక్కే చాకు తీసుకున్నాడు.

"నీళ్లు మోసేవాడికి ఇక్కడేం పని?" కపితోన్ గొంతు చీల్చుకున్నాడు. "సర్కారు సొరుగు ముట్టుకుంటాడా! ఎవడ్రా అక్కడ? గెంటండి వీణ్ని!"

జవాను ఇబ్బందిగా ముందుకొచ్చి ముసలాయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"వెళ్తున్నాలెండి," అన్నాడు ముసలాయన కపితోన్‌తో. "పెద్దమ్మాయి జాగ్రత్త."

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయాక సవ్వా ఇల్యిచ్ లోపలి గదిలోంచి కాగితంతో వచ్చాడు.

"కూర్చోవయ్యా, వణికింది చాలు. నీ ఉద్యోగం నిలిచింది. పొద్దున్నే ఒకాయన తనంతట తానే రాజీనామా ఇచ్చి, యూనిఫాం కోటు విప్పేశాడు. ఆడపిల్లల తండ్రిని ఉంచమన్నాడట."

"దేవుడు చల్లగా చూడాలి! ఎవరా పుణ్యాత్ముడు?"

సవ్వా ఇల్యిచ్ అతణ్ని ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడు నువ్వు గెంటించినాయనే, పన్నెండేళ్లుగా నీ వెనక కుర్చీలో కూర్చుని నకళ్లు రాసిన లవ్రేంతీ ఫోమిచ్."