ఎడమ మలుపు

కొరడా తలుపుకు తగిలిన చప్పుడు వినగానే రుక్కమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి బయటికి ఉరికింది.

ఎడమచెయ్యి గోడను రాసుకుంటూ ఇంటి చుట్టూ పరుగు. వెనక మొగుడు సోమయ్య. శామీర్‌పేటలో జాగీర్దారు గుర్రాలను పట్నం పందేలకు తయారుచేసే సాయీసు అతను. పగలంతా గుర్రాల మీద ఆడిన కొరడా, కల్లు దుకాణం మీదుగా సాయంత్రానికి ఇల్లు చేరేది.

రుక్కమ్మ కాళ్లు చురుకైనవి. తాగినవాడికి అందకుండా పోవడం ఆమెకో లెక్క కాదు. అయినా ఇంటి వెనక మూల తిరగగానే ఆగేది. అతను రొప్పుతూ కనబడేదాకా చూసి మళ్లీ ఉరికేది. చివరికి దొరికేది. వీపు చిట్లేది.

పక్కింటి బుచ్చవ్వ చూడలేక ఓ పొద్దున ఆమెను నిలేసింది.

"తొవ్వ పట్టి ఉరకరాదే? మా ఇంట్ల జొరబడు, తలుపేస్త. గా ఇంటి సుట్టు ఏముందని తిరుగుతవ్, అదీ రోజూ ఒక్క దిక్కే?"

రుక్కమ్మ కొంగు వీపు మీదికి లాక్కుంది.

"గుర్రాన్ని మలిపినట్టు మలిపిండు నిన్ను," అని బుచ్చవ్వ కళ్లొత్తుకుంది.

సోమయ్య కూడా ఆ మాటే చెప్పి కల్లు దుకాణంలో అందరినీ నవ్వించేవాడు.

ఈ పరుగు మొదలవకముందే మొదటి కడుపు అతని కాలి దెబ్బకే పోయింది. ఆ నెత్తురు ముద్దను రుక్కమ్మే గుడ్డలో చుట్టి వెనక మూలకు తీసుకెళ్లింది. రాయి తగిలిందని సగంలో వదిలేసిన బావి ఉందక్కడ. నీళ్లు లేవు, చుట్టూ అడ్డుగా ఒరలు లేవు. దాని అంచు పక్కనే పూడ్చింది.

ఆ తర్వాత ఓ రోజు మైదానానికి సద్ది తీసుకెళ్లినప్పుడు అడిగింది, గుర్రాలను ఎప్పుడూ ఎడమకే ఎందుకు తిప్పుతావని. తాగి లేడు. సరదాగానే చెప్పాడు.

"గుండె ఎడమ దిక్కుంటది. గా దిక్కు మల్లుడు అల్కగ. రోజూ ఒక్కతీరు తిప్పితే ఇగ కండ్లతోని పనిలేదు, కాళ్లే మల్లుతయ్."

అంతలో ఓ గోధుమరంగు గుర్రం కుడికి తిరిగింది. సోమయ్య లేచి వెళ్లి దాని మూతి మీద, కళ్ల మీద కొట్టాడు. నోట్లోంచి నెత్తురు కారి గడ్డి తడిసింది.

ఈ పరుగులతో ఏడాది గడిచింది. రుక్కమ్మకు మళ్లీ నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. కానీ ఓ మధ్యాహ్నం పెరట్లో వాంతి చేసుకుంటుంటే సోమయ్య చూశాడు.

"ఎవనిదే?" అన్నాడు. "రాత్రికి అది ఉండది, నువ్వూ ఉండవు."

పొద్దు గూకాక వచ్చాడు. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకక దీపాల్లేవు. రుక్కమ్మ గుమ్మం దాటింది. ఆ రోజు గోడ ఆమె కుడిచేతికి తగిలింది. సోమయ్య బూతులు తిడుతూ వెంటపడ్డాడు. కొరడా మెడకు చుట్టుకుని చర్మం ఊడొచ్చింది. ఆమె ఆగలేదు. వెనక మూలలో గోడను కరచుకుని కుడికి తిరిగింది.

ఆమె వెనక కాళ్ల చప్పుడు ఎడమకు తిరిగింది. ఒక కేక. బండ మీద కుండ పగిలినట్టు చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

తెల్లారి శవాన్ని మోకులతో పైకి తీశారు. ఏం జరిగిందని పటేలు అడిగితే బుచ్చవ్వే ముందుకొచ్చింది.

"రోజూ గటు ఉరికేది. నిన్న భయానికి దిక్కు తప్పింది పిచ్చిది. ఇది బతికింది, వాడు పడ్డడు."

పటేలు తలూపి వెళ్లిపోయాడు.

కొత్త గుర్రాన్ని మలపాలంటే ముందు మనమే ఉరకాలనీ, అది వెనకబడితే ఆగి రానియ్యాలనీ ఆ రోజు మైదానంలో రుక్కమ్మకు చెప్పింది సోమయ్యే.