ఆ తేన్పు నాది

దేశమంతా తేన్పుల చట్టమొచ్చి పదేళ్లయింది. పశువుల తేన్పుల్లో గ్యాసు భూమిని ఉడకబెడుతోందని ప్రతి గేదె మూతికీ మీటరు కట్టించారు. మనం తగ్గించి చూపించాక పక్క దేశాలోళ్లు కూడా కడుతున్నారంట. మంచిదే.

ఆ పొద్దున్న మా గేదె నీలవేణికి ఆఖరి పరీక్ష. ఈసారీ గ్యాసెక్కువై ఎర్రలైటొస్తే సర్కారు దొడ్డికి తోలుకుపోతారు. మా ఆవిడ సుభద్ర నెల్లాళ్లుగా, గ్యాసు తగ్గుతుందని సముద్రపు నాచు కలిపిన దాణా దానికి బతిమాలి బతిమాలి తినిపించింది. నేనూరుకుంటానా? ఆవిణ్ణి ఏడిపిద్దామని నాలుగు పెసరట్లు లాగించి, మీటరు నా మూతికి తగిలించుకుని ఒక్కసారి తేన్చా. ఎర్రలైటు! నవ్వుకుంటూ మళ్లీ గేదెకి కట్టేశా. ఆఫీసరొచ్చి ఆర్పేదాకా ఆ లైటు ఆరదని నాకేం తెలుసు?

ఆఫీసరమ్మ మెహరున్నీసా వచ్చి చూసింది. "గేదెని విప్పండమ్మా" అంది. సుభద్ర దాని మెడ కావిలించుకుని ఏడ్చేసింది.

నేను అడ్డమెళ్లా. "అమ్మా, ఆ తేన్పు నాది" అన్నా.

"అయితే తేన్చి చూపించండి బాబాయిగారూ."

ఆఫీసరమ్మ లైటు ఆర్పి మీటరు నా చేతికిచ్చింది. వీధంతా మూగింది. మీటరు పెట్టుకుంటే తేన్పు రాదే! సుభద్ర గోలీసోడా తెచ్చింది. "తాగండి. ఇవాళ తేన్చకపోతే మిమ్మల్నే దొడ్డికి తోలిస్తా!"

తాగా. వీధి దద్దరిల్లింది. ఎర్రలైటు!

ఆఫీసరమ్మ మళ్లీ లైటు ఆర్పి, మీటరు తుడిచి గేదెకి కట్టింది. నీలవేణి తీరిగ్గా నెమరేసి తేన్చింది. పచ్చలైటు!

పాసు చీటీ అందుకుంటూ సుభద్ర అడిగింది: "మొగుళ్ల మీద చట్టం ఎప్పుడు తెస్తారమ్మా?"